తంతి చట్టమూ, సెక్రటరీ సంతకమూ

2013 జూలై 15 నుంచి మన దేశంలో తంతి సేవ ఆగిపోయింది. చివరి రోజుల్లో జనం తంతి ఆఫీసుల ముందు బారులు తీరి, జ్ఞాపకంగా ఉంటుందని అయినవాళ్ళకు ఒక్కొక్క తంతి పంపుకొన్నారు. పత్రికలు వీడ్కోలు వ్యాసాలు ప్రకటించాయి. తంతి పోయినా తంతి చట్టం పోలేదన్న సంగతి మాత్రం నేను చదివిన వ్యాసాల్లో ఒక్కదానిలోనూ లేదు. 1885లో తెల్లదొరలు చేసిన ఆ చట్టం, అందులోని అయిదవ సెక్షను, ఆ తర్వాత కూడా పదేళ్ళకు పైగా మన టెలిఫోన్లనూ సెల్‌ఫోన్లనూ ఏలుతూనే వచ్చింది. ఆ సెక్షను కథ ఇక్కడ చెప్పదలిచాను.

రాజ్యం పుట్టిననాడే వేగులవాడు కూడా పుట్టాడు. కౌటిల్యుడు గూఢపురుషుల కోసం ప్రత్యేకంగా ప్రకరణాలే కేటాయించాడు. ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో వేగులవాడు ఎట్టివాడై ఉండాలో కృష్ణరాయలు కూడా చెప్పాడు. అయితే ఆనాటి వేగు ఒక మనిషి. వాడికి రెండే చెవులు. ఊరిలో అందరి మాటలూ వాడు వినలేడు. వాడిని గుర్తుపట్టి నోరు మూసుకొనే అవకాశమైనా ప్రజలకుండేది. మాట తీగమీదికి ఎక్కిన తర్వాత ఈ కొలతలన్నీ మారిపోయాయి. పంపేవాడి మాట పొందేవాడికి చేరాలంటే ముందు సర్కారువారి బల్లమీద పడవలసిందే. తంతి మన దేశంలో మొదటినుంచీ ప్రభుత్వానిదే కనుక, చాటుగా వినడమనే ప్రత్యేకమైన శ్రమ కూడా ప్రభుత్వానికి అక్కరలేకపోయింది.

1839లో కలకత్తా దగ్గర ఓషానెస్సీ అనే కంపెనీ వైద్యుడు ప్రయోగానికి తీగ వేశాడు. 1855లో తంతి సామాన్య ప్రజలకు కూడా అందుబాటులోకి వచ్చింది. రెండేళ్ళలోనే, 1857 మే 11న, ఢిల్లీ తంతి ఆఫీసునుంచి అంబాలాకు పోయిన వార్త పంజాబులోని దొరలను ముందుగా మేల్కొలిపింది. తిరుగుబాటు చేసిన సిపాయిలు తీగలు తెంచడానికి ఎందుకంత పట్టుబట్టారో దీనివల్ల అర్థమవుతుంది. ఈ కొత్త సాధనం విలువను దొరలకంటె బాగా గ్రహించినవారు సిపాయిలేనని నాకనిపిస్తుంది.

1885 చట్టం ఈ అనుభవం చూసిన దొరతనం చేసినది. అది ఆ సంవత్సరం అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. కాంగ్రెసు మహాసభ మొదటి సమావేశం అదే సంవత్సరం డిసెంబరు 28న జరిగింది. అంటే దేశంలో రాజకీయ సంఘం పుట్టేనాటికే దాని తంతులు ఆపే అధికారం సిద్ధంగా ఉన్నదన్నమాట. అయిదవ సెక్షను ప్రకారం "ప్రజా అత్యవసర పరిస్థితి" ఏర్పడినా, "ప్రజా భద్రత" కోరినా, గవర్నర్ జనరలు గాని, స్థానిక ప్రభుత్వం గాని, వారు నియమించిన అధికారి గాని ఏ వ్యక్తి తంతినైనా, ఏ తరగతి వ్యక్తుల తంతులనైనా, ఏ విషయానికి సంబంధించిన తంతినైనా ఆపవచ్చు, పట్టుకోవచ్చు, చదవవచ్చు. "ఏ తరగతి వ్యక్తులనైనా" అన్న మాటను పాఠకులు మరొక్కసారి చదవాలి. కార్మిక సంఘాల వాళ్ళొక తరగతి, పత్రికల వాళ్ళొక తరగతి!

అసలు కీలకం ఆ తర్వాతి ఉపసెక్షనులో ఉన్నది. నిజంగా అత్యవసర పరిస్థితి ఉన్నదా అని ఎవరికైనా సందేహం కలిగితే ఎవరు తేల్చాలి? ప్రభుత్వ సెక్రటరీ సంతకం చేసిన సర్టిఫికెట్టే అందుకు తిరుగులేని రుజువు అన్నది చట్టం. విన్నవాడే న్యాయాధిపతి. కోర్టుకు పోయినా అక్కడ చూడవలసింది ఆ సంతకాన్నే. వలస పాలనకు ఇంతకంటె నిజాయితీగల నిర్వచనం నేను చదివి ఎరుగను.

స్వాతంత్ర్యం వచ్చేవేళ దీన్ని తుడిచివేసే అవకాశం ఒకటి వచ్చింది. రాజ్యాంగ సభలో ప్రాథమిక హక్కుల ముసాయిదా తయారవుతున్నప్పుడు ఉత్తర ప్రత్యుత్తరాల రహస్యం కూడా ఒక హక్కుగా ఉండాలన్న ప్రతిపాదన మొదట ఉన్నది. నెల్లూరు జిల్లాలో పుట్టిన మహాన్యాయవాది అల్లాడి కృష్ణస్వామి అయ్యరు, బి.ఎన్. రావు దాన్ని వ్యతిరేకించారు. అది ముసాయిదా నుంచి జారిపోయింది. 1947 ఏప్రిల్ 30న దానిని తిరిగి సభముందు పెట్టినవాడు సోమనాథ్ లాహిరి, ఆ సభలోని ఒకే ఒక్క కమ్యూనిస్టు. అతని సవరణను ఆదరించినవారు లేరు. ఈ హక్కులు పోలీసు కానిస్టేబులు దృష్టితో రాసినట్లున్నాయని అతను అంతకు ముందు రోజే ఎత్తిపొడిచాడు.

గోప్యత హక్కు బూర్జువా వ్యక్తివాదమనీ, తలుపులూ గోడలూ గలవాడికే దాని అవసరమనీ వాదించే మిత్రులు నేటికీ మనలో ఉన్నారు. వారు లాహిరిని మరిచారు. 1954లో ఎనిమిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదన్న కేసు దాల్మియా కంపెనీల సోదాలకు సంబంధించినది కనుక, వారి వాదానికి కొంత ఊతం దొరకవచ్చు. కాని ఆ వెంటనే వచ్చిన కేసు ఎవరిది? ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే అతనిపై 1941లో దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక విడిచిపెట్టారు. విడిచిపెట్టినా అతని పేరిట ఒక "చరిత్ర పత్రం" తెరిచి, అర్ధరాత్రి చౌకీదార్లూ కానిస్టేబుళ్ళూ తలుపు తట్టి లేపేవారు. ఊరు విడిచిపోతే ఎక్కడికి పోతున్నాడో చెప్పాలి. ఇతనికి ఏ దాల్మియా బంధువు?

1962 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటి సోదాలు చెల్లవన్నారు. కాని మనిషి వెంటపడి అతని రాకపోకలు కనిపెట్టడంలో తప్పు లేదని, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని అధిక సంఖ్యాకులు చెప్పారు. రాజమండ్రి వాడైన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షా వేరుగా రాశారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని సుబ్బారావు తీర్మానించాడు. నిఘా మనిషి మనస్సు మీద వేసే సంకెళ్ళను గురించి ఆయన పడిన తపన ఆ తీర్పులో కనిపిస్తుంది. ఇదే సుబ్బారావు 1967లో గోలక్‌నాథ్ తీర్పు ద్వారా భూసంస్కరణలకు అడ్డు తగిలాడని మనవాళ్ళకు కోపం. ఆ కోపానికి కారణం లేకపోలేదు. అయినా ఖరక్ సింగ్ తలుపు దగ్గర నిలబడినవాడు ఆయనే.

ఇక తంతి చట్టానికి వస్తాను. 1972లో పార్లమెంటు అయిదవ సెక్షనును తిరగరాసింది. సెక్రటరీ సర్టిఫికెట్టు తిరుగులేని రుజువన్న భాగం పోయింది. కారణాలు రాతపూర్వకంగా నమోదు చెయ్యాలన్నారు. దేశ సమగ్రత, విదేశీ సంబంధాలు వంటి ప్రాతిపదికలు చేర్చారు. మార్పు చిన్నదేమీ కాదు. కాని కారణం రాసేదీ, దాన్ని చదివేదీ ప్రభుత్వమే.

ఎనభైలలో ఈ అధికారం పాలకవర్గాలకే తగలనారంభించింది. 1988లో టెలిఫోన్ల ట్యాపింగు ఆరోపణలమీద కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశాడు. 1991లో రాజకీయ నాయకుల ఫోన్లు విన్న సంగతిపై సి.బి.ఐ. నివేదిక బయటపడింది. దాని ఆధారంగా పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. సుప్రీంకోర్టుకు పోయింది. 1996 డిసెంబరు 18న (ఖరక్ సింగ్ తీర్పు వచ్చిన తేదీయే!) టెలిఫోను సంభాషణ గోప్యత హక్కులో భాగమని కోర్టు ఒప్పుకొన్నది. దుర్వినియోగాన్ని నివారించే నియమాలు చేసుకొనే వీలు చట్టంలోనే ఉన్నా, ఇన్నేళ్ళూ ఏ ప్రభుత్వమూ చేయలేదని గమనించింది. అందుకని తానే కొన్ని షరతులు పెట్టింది: ఉత్తర్వు హోం సెక్రటరీ ఇవ్వాలి, రెండు నెలలకు మించరాదు, పొడిగించినా ఆరు నెలలు దాటరాదు, ఒక సమీక్షా సంఘం ఉండాలి. ముందుగా న్యాయమూర్తి అనుమతి ఉండాలని పిటిషనర్లు కోరారు. చట్టంలో ఆ ఏర్పాటు లేదు గనుక తాము విధించలేమని న్యాయమూర్తులు అన్నారు. సమీక్షా సంఘంలో కూర్చునేవారు ఎవరు? మరి ముగ్గురు సెక్రటరీలు.

ఈ సమీక్ష ఎట్లా నడుస్తున్నదో చెప్పడానికి ఒక అంకె చాలు. కేంద్ర ప్రభుత్వం నెలకు సగటున 7,500 నుంచి 9,000 ట్యాపింగు ఉత్తర్వులు ఇస్తున్నదని సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా తెలిసింది. రెండు నెలలకొకసారి కూర్చునే సంఘం ముందు ప్రతిసారీ 15,000 నుంచి 18,000 ఉత్తర్వులుంటాయని, ఇది సాధ్యమయ్యే పని కాదని 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ రాసింది. ఒక్కొక్కదానికి ఒక్క నిమిషం చొప్పున చూసినా 15,000 ఉత్తర్వులకు 250 గంటలు పడుతుంది. కేబినెట్ సెక్రటరీ తిండీ నిద్రా మాని పది రోజులకు పైగా ఇదే పని చెయ్యాలి.

ఈ మధ్యలో మాట తీగను విడిచి కంప్యూటరులోకి పోయింది. 2008లో సవరించిన సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షనులో "ప్రజా అత్యవసర పరిస్థితి" అన్న పాత మాట కూడా లేదు. ఏ నేరం దర్యాప్తుకైనా వినవచ్చు. రహస్య లిపిని విప్పడానికి సహకరించకపోతే ఏడేళ్ళ వరకు జైలు. 2018 డిసెంబరు 20న పది సంస్థలకు ఈ అధికారం అప్పగించారు. దొర కనీసం అత్యవసరమని అబద్ధమైనా ఆడవలసి ఉండేది.

తెలుగు నేలమీద దీని రూపం ఎట్టిదో 2024 మార్చిలో హైదరాబాదు పోలీసులు పెట్టిన కేసు చూపుతుంది. మావోయిస్టుల మీద నిఘాకని ఏర్పడిన ప్రత్యేక విభాగంలోని కొందరు అధికారులు రాజకీయ ప్రత్యర్థుల ఫోన్లు విన్నారనీ, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారనీ ఆరోపణ. రుజువు చేయవలసింది న్యాయస్థానంలో. నేను అడిగేది వేరు. ఆ విభాగం మావోయిస్టుల పేరిట ఉన్నంతకాలం అది ఎవరిని వింటున్నదని శాసనసభలో ఎంతమంది అడిగారు?

మన ఇంటిని గురించి కూడా చెప్పుకోవాలి. సోషలిజం పేరు పెట్టుకొన్న తూర్పు జర్మనీలో 1989 నాటికి రాజ్య భద్రతా మంత్రిత్వశాఖలో దాదాపు 91,000 మంది ఉద్యోగులు, వేగులు వేరే. లాహిరి అడిగిన హక్కు ఆ కార్మికులకూ దక్కలేదు. సమ్మె నిర్ణయం తీసుకొనే నలుగురు కార్మికులు యజమాని చెవిన పడకుండా మాట్లాడుకోవాలి. ఆ యజమాని రాజ్యమే అయినప్పుడు అవసరం రెట్టింపవుతుందేగాని తగ్గదు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. 1954 నాటి మాటా, 1962 నాటి మాటా కొట్టివేశారు. సుబ్బారావు అల్పసంఖ్యాక అభిప్రాయం యాభై అయిదేళ్ళ తర్వాత దేశపు న్యాయమైంది. 2021లో పెగసస్ వ్యవహారం వచ్చినప్పుడు ఈ తీర్పుకు తొలి పెద్ద పరీక్ష ఎదురైంది. కోర్టు నియమించిన సంఘం 29 ఫోన్లు పరిశీలించి అయిదింటిలో దుష్ట సాఫ్టువేరు ఉన్నదన్నది. అది పెగససే అని తేల్చలేకపోయింది. ప్రభుత్వం సహకరించలేదని 2022 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తి బహిరంగంగా చెప్పారు.

కొత్త టెలికమ్యూనికేషన్ల బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది 2023 డిసెంబరు 18న, ముచ్చటగా మూడవసారి అదే తేదీన. 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో ఆమోదం పొందింది. అప్పటికి ఉభయ సభలలోనూ కలిపి 140 మందికి పైగా ప్రతిపక్ష సభ్యులు సస్పెండయి బయట ఉన్నారు. చట్టంలోని 20వ సెక్షను "ప్రజా అత్యవసర పరిస్థితి", "ప్రజా భద్రత" అనే 1885 నాటి మాటలతోనే మొదలవుతుంది. న్యాయమూర్తి ప్రస్తావన అందులో లేదు. ఆ సెక్షను 2024 జూన్ 26న అమలులోకి వచ్చింది. ఆ డిసెంబరులో నియమాలు వచ్చాయి. ఉత్తర్వు మీద సంతకం హోం సెక్రటరీది, సమీక్ష ముగ్గురు సెక్రటరీలది.