తపాలాలో వచ్చిన భూగోళము



విద్య గురుముఖమునుండి శిష్యుని చెవికి చేరవలయునని మన పెద్దల మతము. నేనును అట్లే చదివికొన్నవాడను. కాని గురుశిష్యుల నడుమ తపాలా బంట్రోతు నిలిచి విద్య నందించిన చరిత్రయు నొకటి కలదు. దానిని నేడు మనవి చేసెదను.

1840లో ఇంగ్లండున ఒక్క పెన్నీకే జాబు చేరు నేర్పాటు కలిగెను. ఆ యేడే ఐజాక్ పిట్మను తన సంక్షిప్తలేఖన పాఠములను జాబులలో పంపి, శిష్యులు వ్రాసినదానిని దిద్ది మరల పంపసాగెను. 1858లో లండను విశ్వవిద్యాలయము ఏ కళాశాలలోను చేరనివారినిగూడ తన పరీక్షలకు రానిచ్చెను. మన దేశమున 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయమును, మన ప్రాంతమున 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయమును తపాలా పాఠములు ప్రారంభించెను. 1982లో హైదరాబాదున దేశములోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. 1991లో దానికి డాక్టరు అంబేద్కరు పేరు పెట్టిరి. అందు బోధించిన శాస్త్రములలో భూగోళ మొకటి.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఇంటినుండియే భూగోళము చదివిన కొందరితో నేను ముచ్చటించితిని. సేద్యము విడువలేనివారును, అత్తవారింట సంసారము నీడ్చుకొను స్త్రీలును వారిలో నుండిరి. పుస్తకము తమ గడపకు రాకున్న పట్టమే లేదని వారందరు నొప్పుకొనిరి. ఐనను వారి కొక కొరత కలదు. చరిత్ర పాఠమును చదివి గ్రహింపవచ్చును. పటమును చూచుట మాత్రము ప్రక్కన నొకరుండి నేర్పవలయును. తరగతి ఆదివారము పట్టణమున జరుగును. సందేహము బుధవారము రాత్రి ఇంట పుట్టును. నేడు పాఠములు చేతి ఫోనునకే వచ్చుచున్నను ఈ చిక్కు తీరలేదు.

వారిని మిక్కిలి వేధించినవి సమోన్నత రేఖలు. సముద్రమట్టమునకు ఒకే యెత్తుననున్న చోట్లను కలుపుచు పటముపై గీచిన గీతలకు ఆ పేరు. ఈ గీతలను మీరు ప్రతి వేసవియు చూచుచునే యున్నారు. చెరువు నీరు తగ్గుచుండగా, అది నిలిచిన చోటనెల్ల ఒక చార మిగులును. ఆ చారయే సమోన్నత రేఖ. నిటారుగానున్న గట్టుమీద చారలు దగ్గరగాను, పల్లపు వాలున ఎడముగాను ఉండును. పటమునందును గీతలు ఇరుకైనచోట కొండ నిటారని యెరుగవలయును.

అచ్చుపటమునకు మరియొక లోపము కలదు. 1972నాటి పటమున విజయనగరము జిల్లా కానరాదు. అది 1979లో ఏర్పడెను. 2022లో పార్వతీపురము మన్యము జిల్లా ఏర్పడగా తరువాతి పటమును పాతబడెను. నాగావళి వంశధారలు మాత్రము ఒడిశా కొండలలో పుట్టి మన పొలముల నడుమనే సముద్రమునకు పోవుచున్నవి. వరద వచ్చిన ఏ మడి ముందు మునుగునో, ఏ మెరక మిగులునో మీకు తెలియును. ఆ తెలివి ఏ విశ్వవిద్యాలయమును తపాలాలో పంపజాలదు.

మీ యూర ఇట్టి విద్యార్థి యున్నయెడల, అతనిని గాని ఆమెను గాని పటముతోసహా ఒక సాయంకాలము చెరువు గట్టునకు తోడ్కొని పొండు. చారలను చూపుడు. దూరముననున్న గురువు చెప్పజాలని పాఠము మీ నోట పూర్తియగును.