లిటిల్ డాక్టరు నుంచి మన వసారా దాకా

ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా, ఆర్నెల్లు దాటినా బిడ్డకు మెడ నిలవకపోతే ఇంట్లో వైద్యం మాటకన్నా ముందు లేచే మాట ఒకటుంది: "తప్పెవరిది?" గ్రహణంనాడు కోడలు వాకిట్లోకి వచ్చిందని అత్తగారంటుంది. కాన్పు కష్టమైంది, బిడ్డ పుట్టంగానే ఏడవలేదని చుట్టాలంటారు. ఎవరేమన్నా వేలు చూపేది తల్లివైపే.

ఈ ప్రశ్న మన పల్లెల్లోనే పుట్టిందనుకోకండి. పెద్ద పెద్ద డాక్టర్లే దీనిమీద నూరేళ్లకు పైగా వాదులాడుకున్నారు. ఆ కథ కాస్త వినండి.

లండన్‌లో విలియం జాన్ లిటిల్ అని ఒక డాక్టరుండేవాడు. చిన్నప్పుడు జబ్బుచేసి ఆయన పాదం వంకర తిరిగింది. 1836లో జర్మనీ వెళ్లి ఆపరేషన్ చేయించుకుని బాగుపడి వచ్చాడు. ఆ తర్వాత ఆయన దృష్టి పిల్లల కాళ్లమీద పడింది. కాళ్లు బిగుసుకుపోయి కత్తెరలా పెనవేసుకునే పిల్లల్ని ఎందరినో చూశాడు. 1861లో ప్రసూతి వైద్యుల సభలో ఒక వ్యాసం చదివాడు. కష్టమైన కాన్పు, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇవే కారణాలన్నాడు. చాలాకాలం దీన్ని 'లిటిల్ జబ్బు' అనే పిలిచారు. మనమిప్పుడు సెరిబ్రల్ పాల్సీ అంటున్నది, తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటున్నది ఇదే.

1897లో వియన్నాలో ఒక నరాల డాక్టరు దీనికి అడ్డం తిరిగాడు. ఎవరో తెలుసా? తర్వాత మనస్తత్వ శాస్త్రంతో లోకమంతా పేరు మోగిన ఫ్రాయిడే! బిడ్డకు కడుపులోనే ఏదో జరిగి, దానివల్లే కాన్పు కష్టమై ఉండవచ్చు గదా అన్నాడు. ఆ మాట అప్పట్లో ఎవరి చెవికీ పెద్దగా ఎక్కలేదు. 1986లో అమెరికాలో నెల్సన్, ఎలెన్‌బర్గ్ అనే పరిశోధకులు యాభైవేలకు పైగా కాన్పుల లెక్కలు తీస్తే, చాలామంది పిల్లల విషయంలో కాన్పునాటి కష్టాన్ని కారణంగా చూపలేమని తేలింది.

అలాగని ఆస్పత్రి కాన్పు అక్కర్లేదని కాదు సుమండీ! జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి కాంబెల్ ఆస్పత్రి వెలిసి నూరేళ్లు దాటినా, చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో కాన్పులు చాలాకాలం మంత్రసాని చేతిమీదే జరిగాయి. పుట్టగానే ఊపిరాడకపోవడం, పసికందుకు ముదిరిన కామెర్లు, మెదడుకు పాకిన జ్వరం ఇప్పటికీ కారణాలే. మంచి వైద్యం అందితే చాలావరకు ఆపగలిగినవి కూడా. గ్రహణానికి మాత్రం ఈ జాబితాలో చోటు లేదు.

ఇక చికిత్స సంగతి. మొదట్లో కత్తి, ఆపైన ఇనుప కడ్డీల బూట్లు. బెర్లిన్ నుంచి లండన్ చేరిన బెర్తా బొబాత్, ఆమె భర్త కారెల్ కలిసి, 1940లలో బిడ్డ ఒంటిని చేతులతో పట్టి బిగువు సడలించే పద్ధతి కనిపెట్టారు. అది దేశదేశాలకూ పాకింది. మన దేశంలో 1972లో బొంబాయిలో మిథు అలూర్ అనే తల్లి, తన కూతురికి తగిన బడి దొరక్క, ఇలాంటి పిల్లల కోసం తానే సంస్థ పెట్టింది. ఆ కూతురు మాలినీ చిబ్ పెద్దదై, ఒక్క వేలితో టైపు చేసి, తన కథను పుస్తకంగా రాసింది!

2013లో ఆస్ట్రేలియాలో ఐయోనా నోవాక్ బృందం అన్ని చికిత్సలనూ వరసన పెట్టి, రోడ్డుమీది సిగ్నలు దీపాల్లా పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసింది. ఎవరో కదిలిస్తే బిడ్డ ఊరికే ఉండే పద్ధతులు వెనకబడ్డాయి. బిడ్డ తానే చేయాలనుకున్న పనిని ఇంట్లో రోజూ తానే ప్రయత్నించడం, దానికి పచ్చదీపం! సంగటి ముద్ద తానే నోట్లో పెట్టుకోవడం, వసారా గోడ పట్టుకుని నిలబడటం, ఇవే వ్యాయామాలు. ఒక చెయ్యి పనిచేయని బిడ్డకు మంచి చేతికి కాసేపు తొడుగు వేసి, రెండో చేతితో ఆడించడం కూడా అలాంటిదే. మెదడుకు తగిలిన దెబ్బ మానదు. కానీ బిడ్డ నేర్చుకోగలడు.

ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. చాలామంది పిల్లల్లో ఐదారు నెలలకే గుర్తుపట్టవచ్చని 2017లో చెప్పారు. కనుక "వాళ్ల నాయన కూడా ఆలస్యంగానే నడిచాడులే" అని ఏడాది ఆగకండి. తిరుపతికో వేలూరుకో వెళ్లి చూపించడం మంచిదే. అక్కడ నేర్పింది ఇంట్లో రోజూ సాగాలి. బడి ఈడు వచ్చాక మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలున్నాయి.

ఇదంతా తల్లి నెత్తిన ఇంకో బరువు కాదా అంటారేమో. నిజమే. పరిశోధకులు ఇల్లు అన్నారేగాని, తల్లి ఒక్కతే అనలేదు. గ్రహణం లెక్కలు చెప్పే అత్తగారే ఒక పూట మనవణ్ణి ఒళ్లోకి తీసుకుని, "వీడికి ముద్ద నేను తినిపిస్తాను... కాదులే, వాడే తింటాడు, నేను చూస్తాను. నువ్వు కాసేపు నడుం వాల్చమ్మా" అంటే చాలు, సగం వైద్యం అయినట్టే.