చింతచెట్టు మీది మెహమాన్

ఆర్కిడ్ అనగానే మనవాళ్ళకి శాదీ స్టేజీ మీది ఊదాపూలు యాదికొస్తాయి. అవి థాయిలాండ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే అమీర్ల పూలనీ, చిలమత్తూరు లాంటి కరువు ఇలాఖాకి వాటితో వాస్తా ఏముందనీ చాలామంది ఖయాల్. తవారీఖ్ తిరగేస్తే కిస్సా వేరేగా ఉంది.

మా వైపు పాత చింత, మామిడి కొమ్మల్ని తలెత్తి చూడండి. సన్నగా, మధ్యకి మడిచినట్టు ఆకులు. గాల్లో వేలాడే లావుపాటి తెల్లని వేళ్ళు. పసుపు మీద గోధుమరంగు గళ్ళ పూలు, మధ్యలో నీలి పెదవి. ఖుష్బూ కూడా ఉంటుంది. సైన్సువాళ్ళ జబాన్‌లో దాని పేరు వాండా టెస్సెల్లాటా. ఆ రెండో మాటకి అర్థం గళ్ళదని.

సామర్లకోటలో కుంపినీ నౌకరీ చేసిన విలియం రాక్స్‌బర్గ్ దొర తన కోరమాండల్ మొక్కల కితాబులో, 1795లో, దీన్ని బొమ్మతో సహా ప్రపంచానికి చూపించాడు. ఆ బొమ్మలు గీసింది హిందూస్తానీ ముసవ్విర్లే. వాళ్ళ పేర్లు మాత్రం దొర పేరంత దూరం పోలేదు. రాయలసీమని నిజాం కుంపినీకి రాసిచ్చింది 1800లో. అంటే మనం దత్తమండలం కాకముందే ఈ పువ్వు విలాయత్ కితాబుకెక్కింది.

ఇక ‘వాండా’ అనే నామ్. కలకత్తా అదాలత్ జడ్జి, ఫార్సీ వ్యాకరణం రాసిన ఆలిమ్ సర్ విలియం జోన్స్ సంస్కృతంలోని ‘వందా’ నుంచి దీన్ని తీసుకున్నాడు. రాబర్ట్ బ్రౌన్ 1820లో దాన్ని పక్కా చేశాడు. ఇవాళ వేడిదేశాల్లో పెంచే ఎన్నో ఆర్కిడ్లకి ఖాందాన్ పేరు అదే. సింగపూర్ 1981లో కౌమీ పువ్వుగా ఎంచుకున్న మిస్ జోక్విమ్‌ని కూడా అప్పట్లో వాండా అనే పిలిచారు.

నాకు ఖటకా ఎక్కడంటే, వందా అన్నా, మన బదనిక అన్నా, పరాయి చెట్టుని పీల్చి బతికేదనే. ఇది ఝూటా ఇల్జామ్! దీని వేళ్ళు బెరడుని పట్టుకుంటాయంతే, రసం తాగవు. ఇది చెట్టు మీది మెహమాన్, దొంగ కాదు. వానచుక్కనీ మంచునీ వేళ్ళ మీది స్పంజి లాంటి పొర ఆపుకుంటుంది. ఎండలో ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాకే తెరిచి గాలి పీలుస్తుంది. ఇట్లాంటి కిఫాయత్ నేర్చినదానికి మన ఎండ జుల్మ్ కాదు, మిజాజ్‌కి సరిపడే మౌసమ్. అయినా ఆ బద్‌నామ్ వల్ల తోటల్లో పీకి పారేస్తున్నారు.

దవా పేరిట కూడా పీకారు. కీళ్ళనొప్పులకి వాడే రాస్నా అంటే ఉత్తరాన ఒక మొక్క, దక్షిణాన దుంపరాష్ట్రం, బెంగాల్లో ఈ వాండా. హకీములకీ వైద్యులకీ మధ్య ఈ బహస్ ఇంకా తెగలేదు.

పెంచాలనే శౌక్ ఉంటే చెట్టు మీదిది పీక్కురావద్దు. రోడ్డు వెడల్పు కోసం కొట్టేసిన చింతకొమ్మ మీద కనబడితే మాత్రం వదలకండి. కుండీ వద్దు, మట్టి అసలే వద్దు. గరుకు బెరడున్న మామిడి మొద్దుకి నూలుతాడుతో కట్టి, పల్చటి నీడలో వేలాడదీయండి. ఎండాకాలం పొద్దున్నే వేళ్ళు తడపండి, మగ్రిబ్ వేళకి ఆరిపోవాలి. తడి తగలగానే తెల్లటి వేరు ఆకుపచ్చగా మారుతుంది. ప్యాస్ తీరిందనడానికి అదే నిషానీ.