మంద్రం తీగె

"నాన్నా, పదకొండా పన్నెండా?"

కర్నూలులో వాయిద్యాల అంగట్లో నిలబడి మా పాప అడిగింది. గిటారు తీగెల ప్యాకెట్టు మీది గేజి అంకె మొదటి తీగె మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. పదకొండంటే 0.28 మిల్లీమీటరు, పన్నెండంటే 0.30. వెంట్రుకవాసి తేడా. అయినా పన్నెండు వేస్తే నాదం నిండుగా ఉంటుంది, వేళ్ళు కాయలు కాస్తాయి. పదకొండు వేళ్ళకు సుఖం, మోత కొంచెం పలుచన. మా అబ్బ గిటారును కంటితో చూడలేదు గానీ ఈ పంచాయితీ ఆయనకు కొత్త కాదు.

మాది బనగానపల్లె పక్క పల్లె. పోతులూరి వీరబ్రహ్మంగారు గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాసిందీ, కాలజ్ఞానం రాసిందీ మా రవ్వలకొండలోనేనని మావాళ్ళ గర్వం. ఆయన కడప సీమలోని కందిమల్లాయపల్లెలో 1693లో, వైశాఖ శుద్ధ దశమినాడు, సజీవ సమాధి అయ్యారని సంప్రదాయం. ఏటా ఆ దశమికి అబ్బ తంబుర భుజాన వేసుకొని అక్కడి బ్రహ్మంగారి మఠానికి పోయి తత్వాలు పాడేవాడు. నేను వెంట పోయేవాణ్ణి.

వైశాఖమంటే మన సీమలో నిప్పులు. ఎండకు ఉక్కు సాగి శ్రుతి దిగుతుంది, చల్లబడితే మళ్ళీ బిగుస్తుంది. అందుకే అబ్బ పోయీపోగానే బిరడా ముట్టేవాడు కాదు. వేపచెట్టు కింద గోతం మీద తంబురను పడుకోబెట్టి, అంబలి తాగి, తన చెమట ఆరినాకనే శ్రుతి చేసేవాడు. ఎండలోనే బిగించినవాళ్ళ తీగెలు పొద్దుగూకినాక టప్పున తెగడం నేను చూశాను.

ఆయన తంబురకు నాలుగు తీగెలు. మొదటి మూడు ఉక్కువి, చివరిది ఇత్తడి, అదే మంద్రం. చేతిలో డబ్బు ఆడని ఏడు సైకిలు బ్రేకు తీగె పురి విప్పి, అందులో ఒక పోగు లాగి ఉక్కు తీగె బదులు కట్టేవాడు. "ఇది పాడదురా అబ్బీ, అరుస్తాది" అని తిట్టుకుంటూనే పాడేవాడు. మంద్రం దగ్గర మాత్రం రాజీ లేదు. మరీ సన్నమైతే ఆ శ్రుతికి తీగె వేలాడిపోతుంది, మరీ లావైతే బండగా మోగుతుంది. సరైన తీగె దొరికినాక దాని కింద, గుర్రం మీద, నూలు పోగు జరిపి జరిపి జుమ్మనే జీవాళి కుదిర్చేవాడు. "నా గొంతు కింద నిలబడాల గానీ నా గొంతును మింగగూడదు." ఆయన గేజి అదే.

ఒకసారి మంద్రం తీగె నన్ను తెమ్మన్నాడు. అంగడాయన ఇచ్చింది తళతళలాడుతుంటే మురిసిపోయి తెచ్చాను. నెలకే తుప్పు. ఇనుముకు ఇత్తడి పూత. అయస్కాంతం ఆనించి చూడాలన్న తెలివి నాకప్పుడు లేదు.

తీగె అన్న మాట మనకు కాకరపాదుకూ ఒకటే, కరెంటు స్తంభానికీ ఒకటే. వాయిద్యం మీద మాత్రం అది ఒకటిగా లేదు. కృష్ణకు అవతల, నాగర్‌కర్నూలు వైపు, దర్శనం మొగిలయ్య మోగించిన కిన్నెరకు పూర్వం ఆడవాళ్ళ వెంట్రుకలో జంతువుల నరాలో తీగెలు. మెట్లు అలుగు పొలుసులు. లోహపు తీగె తర్వాత వచ్చింది. ఇప్పటి గట్టి ఉక్కు తీగె ఇంకా కొత్తది: తీగెను కాచి పదును పెట్టే పద్ధతికి ఇంగ్లండులో జేమ్స్ హార్స్‌ఫాల్ పేటెంటు తీసుకున్నది 1854లో. 1408లో తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య దండె మీద అలాంటి తీగె లేదు. రాగిరేకుల మీద ఆయన పదాలూ రాగాల పేర్లూ మిగిలాయి, మోత రేకుకు ఎక్కే వస్తువు కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసింది 1847లో. ఆయన మీద తందాన కథ మొదట పాడినవాళ్ళ తంబురలకూ ఈ ఉక్కు అంది ఉండదనే నా లెక్క. అంత బిగువు ఓర్చని తీగెలు కాబట్టి శ్రుతీ కిందనే ఉండి ఉంటుంది.

అంగట్లో ఇంకో చిక్కు మిగిలింది. ఫాస్ఫర్ బ్రాంజా, 80/20 బ్రాంజా? మొదటిది రాగిలో తగరం, చిటికెడు భాస్వరం. మోత మెత్తన, మన్నిక ఎక్కువ. 1974 నుంచి గిటారుకు వాడుకలో ఉంది. రెండోది 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు యశదం. పేరుకు బ్రాంజు గానీ మన భాషలో అది నికార్సయిన ఇత్తడి. లోపల ఉక్కు, పైన ఇత్తడి చుట్టు: బరువు పెరుగుతుంది, బిరుసెక్కదు, కింది స్వరం పలుకుతుంది. అబ్బ మంద్రమే చొక్కా తొడుక్కొని వచ్చినట్టు అనిపించింది.

పదకొండే కొన్నాం, 80/20. ఇంటికొచ్చి వేసినాక పాప గిటారు ఆరో తీగె మీటి, గోడకు తగిలించిన అబ్బ తంబుర మంద్రాన్నీ మీటింది. రెండూ కలవలేదు. అబ్బ పోయినప్పటినుంచి ఆ బిరడాను ఎవరూ తిప్పలేదు.