కోట తలుపులు తెరిచిన పూలు

జపాన్‌లో గోడ క్యాలెండర్ ఏప్రిల్ పుటకు తిప్పితే తరచూ కనిపించే బొమ్మ ఒకటుంది. కింద అగడ్త, దాని ఒడ్డున ఏటవాలు రాతిగోడ, ఆ పైన అంతస్తులుగా లేచిన తెల్లటి కోట, చుట్టూ విరగబూసిన సకురా (చెర్రీ) చెట్లు. సమురాయ్‌ల కాలం నుంచీ ఇలాగే ఉండేదేమో అనిపిస్తుంది. ఉండేది కాదు. కోటలు పాతవే. పూలు చూడటానికి బయల్దేరే అలవాటు ఆ కోటలకన్నా పాతది. ఆ రెండూ ఈ బొమ్మలోలా కలిసి మాత్రం నూట యాభై ఏళ్లే. అదీ కోటలకు పనీ, దిక్కూ లేకుండా పోయాక.

మొదట్లో అక్కడి దొరలకు పూలంటే ఉమే, అంటే చైనా నుంచి వచ్చిన ప్లమ్ జాతి చెట్టు పూలు. ఎనిమిదో శతాబ్దపు కవితా సంకలనం ‘మన్‌యోషూ’లో ఉమే మీద నూరుకు పైగా పద్యాలుంటే, సకురా మీద ఉన్నవి నలభై చిల్లరే. రాజధాని క్యోటోకు మారాక అభిరుచీ మారింది. 812లో సాగా చక్రవర్తి తన షిన్‌సెన్‌ఎన్ ఉద్యానంలో పూల విందు చేశాడు. రికార్డుకెక్కిన తొలి సకురా వేడుక ఇదేనని చెబుతారు. ఆ శతాబ్దంలోనే రాజప్రాసాదం ముంగిట ఉమే చెట్టు ఉన్నచోట సకురా వచ్చింది. ఇదంతా కొద్దిమంది దర్బారీల వినోదం. చెట్టు కింద కూర్చుని పద్యం చెప్పడం, సాకే అనే బియ్యపు మద్యం తాగడం, రాలే రేకులను చూసి నిట్టూర్చడం.

ఆ షిన్‌సెన్‌ఎన్ తర్వాత ఏమైందో చెప్పుకోవాలి. 1603లో షోగన్, అంటే సైనిక పాలకుడు, తొకుగావా ఇఎయాసు క్యోటోలో నిజో కోట కట్టించినప్పుడు ఆ ఉద్యానంలో చాలా భాగం కోట కిందికి పోయింది. మిగిలిన చిన్న ముక్క, ఒక చెరువూ గుడీగా, ఇప్పటికీ కోటకు దక్షిణాన ఉంది. అప్పుడు పూలతోటను కోట మింగింది. దీనికి బదులు తీరడానికి 270 ఏళ్లు పట్టింది.

నిజో కోటకు కాస్త ముందే పూల వేడుకను బలప్రదర్శనగా మార్చినవాడు అప్పటి జపాన్ పాలకుడు తొయొతోమి హిదెయోషి. 1594లో వేలమంది పరివారంతో యోషినో కొండలకు వెళ్లాడు. 1598 వసంతంలో క్యోటో దగ్గరి దైగోజీ ఆలయంలో మరో వేడుక చేశాడు. దానికోసం చుట్టుపక్కల ప్రాంతాల నుంచి ఏడు వందల చెట్లు తెప్పించి నాటించాడు. అతిథులు పదమూడు వందల మంది, దాదాపు అందరూ స్త్రీలే. ఆ రోజుల్లోనే అతని సైన్యాలు కొరియాలో చావుబతుకుల మధ్య యుద్ధం చేస్తున్నాయి. ఆ సంగతి వదిలేసి దైగోజీ వైభవాన్ని మాత్రమే వర్ణించే పుస్తకాలంటే నాకు పడదు. అదే ఏడాది సెప్టెంబరులో హిదెయోషి చనిపోయాడు. దైగోజీలో ఇప్పటికీ ఏప్రిల్‌లో ఆ వేడుకను అభినయిస్తూ ఊరేగింపు చేస్తారు.

సామాన్యుడికి సకురా అందింది ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో. 1625లో ఉఎనో గుట్ట మీద కాన్‌ఎయ్‌జీ ఆలయం కట్టి, యోషినో నుంచి సకురా చెట్లు తెచ్చి నాటారు. జనం విరగబడ్డారు. కానీ అది షోగన్ కుటుంబపు ఆలయం, వాళ్ల సమాధులున్న చోటు. అక్కడ పాటలు, అల్లరి కుదరవు, చీకటి పడేసరికి అందరినీ పంపేసేవారు. ఈ ఇబ్బందికి ఎనిమిదో షోగన్ తొకుగావా యోషిమునే ఒక దారి చూశాడు. 1720, 1721లో ఊరి చివర అసుకయామా గుట్ట మీద 1,270 చెట్లు నాటించాడు. సుమిదా నది గట్టున కూడా నాటించాడు. చెట్లు ఎదిగాక అసుకయామాను జనానికి వదిలిపెట్టాడు. ఇక్కడ తాగొచ్చు, పాడొచ్చు, వేషాలు కట్టొచ్చు. పొదుపు శాసనాలతో జనాన్ని బిగించిన పాలకుడే ఈ వెసులుబాటూ ఇచ్చాడు. దయతో ఇచ్చాడో, లెక్కతో ఇచ్చాడో అన్నది చరిత్రకారుల వాదన. నాకైతే రెండోదే సబబనిపిస్తుంది. మనకు కార్తీక వనభోజనాలు ఎలాగో, ఎడో వాసులకు హనామి, అంటే పూలు చూసే వేడుక, అలాగైంది: పెట్టెల్లో అన్నం సర్దుకుని, ఇల్లిల్లంతా కదిలి, చెట్టు కింద చాప పరిచి రోజంతా గడపడం.

అయితే ఇవేవీ కోటల్లో జరిగినవి కావు. కోటల్లో సకురా బొత్తిగా లేదనలేం. ఉత్తరాదిన హిరోసాకి కోటలోకి 1715లో ఒక కొలువుదారు క్యోటో నుంచి 25 మొక్కలు తెచ్చి నాటాడు. కానీ అవి లోపలివాళ్లు చూసుకోవడానికే. అగడ్త దాటి ఊరి జనం పూలు చూడటానికి వెళ్లడమన్న ఊహే అప్పట్లో లేదు.

1868లో షోగన్ పాలన కూలింది. అయిదేళ్లకు, 1873 జనవరిలో, కొత్త మెయిజీ ప్రభుత్వం ఒకటి వెంట ఒకటిగా రెండు ఆదేశాలిచ్చింది. మొదటిది కోటల రద్దు: సైన్యానికి పనికొచ్చేవి ఉంచి తక్కినవి అమ్మేయమంది. రెండోది, జనం పూర్వం నుంచీ విహారానికి పోయే చోట్లను పార్కులుగా గుర్తించమంది. ఉఎనో, అసుకయామా టోక్యో తొలి పార్కుల్లో చేరాయి. దేశమంతా కోటల కలప, పెంకులు తూకానికి పోయాయి. ఇవాళ ప్రపంచ వారసత్వ సంపద అయిన హిమేజీ కోట కూడా వేలంలో 23 యెన్‌ల 50 సెన్‌లకు పోయిందనీ, కూల్చే ఖర్చు ఎక్కువని కొన్నవాడు వదిలేశాడనీ చెప్పుకుంటారు. నగానో ప్రాంతపు తకాతో కోటను పడగొట్టారు. మాజీ సమురాయ్‌లు ఆ ఖాళీ నేలను చూడలేక, 1875 ప్రాంతంలో అక్కడికి సకురా చెట్లు తెచ్చి నాటారు. ఇప్పుడు ఆ చోటు పూలకే పేరు.

హిరోసాకిలో కథ ఇంత సాఫీగా నడవలేదు. 1611లో త్సుగరు వంశం పూర్తిచేసిన కోట అది. రద్దు తర్వాత పిచ్చిమొక్కలు పెరిగి పాడుబడింది. కికుచి తతే అనే మాజీ సమురాయ్ దాన్ని చూసి బాధపడి, 1882లో అక్కడ వెయ్యి సకురా మొక్కలు నాటాడు. తోటి సమురాయ్‌లు మండిపడ్డారు. కోటను తాగి తందనాలాడే చోటు చేస్తావా అంటూ ఆ మొక్కలను చాలావరకు పీకేశారు, విరిచేశారు. వాళ్ల కోపం అర్థం కానిది కాదు. కత్తి పోయింది, జీతం పోయింది, కొలువు పోయింది, చివరికి మిగిలింది కోట ఒక్కటే. 1895లో కోట పార్కుగా తెరుచుకుంది. తర్వాత పదేళ్లలోపే ఇంకో వెయ్యి మొక్కలు నాటారు. 1918లో తొలి పూల పండగ జరిగింది. ఇప్పుడక్కడ దాదాపు 2,600 చెట్లున్నాయి. 1882 నాటి చెట్లలో బతికి బయటపడింది ఒకటి ఇంకా పూస్తోంది.

కికుచి నాటిన రకం సోమెయ్ యోషినో. ఎడో శివారు సోమెయ్ ఊరి తోటమాలులు పందొమ్మిదో శతాబ్దంలో అమ్మకానికి తెచ్చిన సంకరజాతి ఇది. త్వరగా ఎదుగుతుంది, ఆకు రాకముందే చెట్టంతా పూస్తుంది. విత్తనంతో కాక అంటు కట్టి పెంచుతారు. అందుకే ఆ రకం చెట్లన్నీ జన్యుపరంగా ఒకటే, ఒక ఊళ్లో ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి పూసి, వారం పది రోజుల్లో ఒకేసారి రాలిపోతాయి. క్యాలెండర్ బొమ్మకు కావలసింది ఈ ఏకకాలపు పూతే. పాతకాలపు యోషినో కొండల్లోని అడవి సకురా ఇలా పూయదు. ఒక్కో చెట్టుది ఒక్కో రంగు, ఒక్కో రోజు. ఈ అంటు చెట్లకు ఆయుష్షు తక్కువంటారు. సకురా కొమ్మ నరికితే చెట్టు పాడవుతుందన్నది అక్కడి పాత నమ్మకం. హిరోసాకి ఆపిల్ తోటల ఊరు. అక్కడి తోటమాలులు ఆ నమ్మకాన్ని పక్కనపెట్టి, ఆపిల్ చెట్లకు చేసినట్టే సకురాకూ కొమ్మలు కత్తిరించారు. నూరేళ్లు దాటిన చెట్లు అక్కడ మూడు వందలకు పైగా ఉన్నాయి. ఆపిల్ సాగుకు ఆ ప్రాంతంలో ఆద్యుల్లో ఒకడు ఆ కికుచియే కావడం విశేషం.

పూల కథలో చీకటి పుట ఒకటుంది. ఒసాకా, హిరోషిమా, కానజావా వంటి కోటలు సైనిక స్థావరాలయ్యాయి. 1905లో రష్యాపై గెలిచాక విజయ చిహ్నంగా దేశమంతటా సకురా నాటారు. వికసించి రాలే పువ్వును సైనికుడి ప్రాణానికి సాటిగా చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఆత్మాహుతి విమానాల మీద కూడా ఆ పువ్వే వేశారు. 1945 బాంబుదాడుల్లో నగోయా, ఒకయామా, హిరోషిమా కోటలు నేలమట్టమయ్యాయి. ఒసాకా కోటను 1931లోనే పౌరుల విరాళాలతో కాంక్రీటుతో తిరిగి కట్టారు. యుద్ధం తర్వాత నగోయా, హిరోషిమాలూ ఆ బాటే పట్టాయి. కొన్నింట్లో లిఫ్టులూ ఉన్నాయి. అసలు పాత ప్రధాన భవనం నిలిచి ఉన్న కోటలు పన్నెండే. అందులో హిమేజీ, హిరోసాకి ఉన్నాయి.

రాజకుటుంబపు తోటలూ నెమ్మదిగా తెరుచుకున్నాయి. చక్రవర్తి పూల విందులు జరిగిన షింజుకు గ్యోఎన్ ఉద్యానం 1949లో జనానికి అందింది. 1952 నుంచి అక్కడే ప్రధానమంత్రి వసంత విందు ఇచ్చేవారు. పాలక పక్షం తన మద్దతుదారులను విచ్చలవిడిగా పిలుస్తోందని 2019లో దుమారం రేగి ఆ విందు ఆగిపోయింది. టోక్యో రాజప్రాసాదం లోపలి ఇనుయ్ వీధిని 2014 నుంచి వసంతంలో కొన్ని రోజులు జనానికి తెరుస్తున్నారు.

ఉగాది వెళ్లీవెళ్లగానే టోక్యోలోని తెలుగు కుటుంబాలు కూడా పులిహోర డబ్బాలతో ఈ చెట్ల కిందికి చేరతాయి. షింజుకు గ్యోఎన్‌లో మద్యం నిషేధం కనుక పిల్లలతో వెళ్లేవారికి అది అనువైన చోటు. ఇక్కడి నుంచి ప్రయాణం అనుకునేవాళ్లు టిక్కెట్లు తీసుకునేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాత డైరీలూ రికార్డులూ వెతికి, క్యోటోలో పూత తేదీలను 812 దాకా లెక్కగట్టారు. 2021లో అక్కడ మార్చి 26కే నిండుగా పూసింది, అప్పటిదాకా పన్నెండు వందల ఏళ్లలో అంత ముందుగా పూయలేదు. ఏప్రిల్ చివర్లో, మే మొదటి సెలవుల్లో పూస్తుందని పేరున్న హిరోసాకిలో కూడా ఇప్పుడు కొన్నేళ్లు సెలవులు వచ్చేసరికే రేకులు రాలి అగడ్త నీటి మీద తేలుతున్నాయి. పాత గైడ్ పుస్తకాల్లోని తేదీలు నమ్మకండి, ఆ ఏటి పూత అంచనా చూసుకునే బయల్దేరండి.