దుబాసి కూతురు: ఆనీ డాడ్జ్ వానెకా

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరుతి దిక్కున ఆరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రములలో వ్యాపించిన ఎఱ్ఱమట్టి పీఠభూమి నవాహో జాతివారి నివాసము. 1864లో సైన్యము వారిని అచటినుండి వెడలగొట్టి, వందల మైళ్ళు నడిపించి, ఫోర్ట్ సమ్నర్ వద్ద నిర్బంధించెను. 1868 జూన్ 1వ తేదీ సంధితో గాని వారు స్వస్థలమునకు మరలి రాలేకపోయిరి. అట్లు తిరిగివచ్చిన పిల్లలలో నొకడు చీ డాడ్జ్. అతడు ఆంగ్లము నేర్చి ప్రభుత్వమునకు దుబాసి యయ్యెను. క్రమముగా తన జాతికి పెద్ద యయ్యెను. 1923లో నవాహో గిరిజన మండలి ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. ఆ మండలి ప్రజాప్రభుత్వముపై ప్రేమచేత పుట్టినది కాదు. చమురు ఒప్పందములకు సమ్మతి తెలుప నొక సంఘము కావలసి పుట్టినది.

ఆయన కుమార్తె ఆనీ 1910 ఏప్రిల్ 11న జన్మించెను. చిన్ననాడు గొఱ్ఱెలు కాచెను. 1918లో ఫోర్ట్ డిఫయన్స్ వసతి పాఠశాలలో ఇన్‌ఫ్లుయెంజా చెలరేగి పిల్లలు రాలిపోవుచుండగా, స్వల్పముగా జబ్బుపడి కోలుకొనిన ఆ ఎనిమిదేండ్ల బాలిక తోడి పిల్లలకు పరిచర్య చేసెను. 1929లో జార్జి వానెకాను వివాహమాడి సంసారములో పడినను, తండ్రి వెంట సభలకు వెళ్ళుట మానలేదు. నవాహోల స్థానిక సభలకు ‘చాప్టర్లు’ అని పేరు. 1927 నుండి ఇవి వెలసినవి. నేల కోతను ఆపుటకని 1930 దశకమున ప్రభుత్వము మందలను బలవంతముగా తగ్గించినప్పుడు ఈ సభలు అట్టుడికిపోయెను. గొఱ్ఱె నవాహోకు అన్నము, వస్త్రము, పరువు. అధికారి చెప్పు లెక్కకును వృద్ధురాలి ఏడుపునకును నడుమ నిలిచి మాట్లాడుట యెంత కష్టమో ఆనీ అచటనే చూచెను.

చీ డాడ్జ్ 1947లో మరణించెను. 1951లో ఆమె క్లాగెటో, వైడ్ రూయిన్స్ ప్రాంతముల పక్షమున మండలికి ఎన్నికయ్యెను. మండలిలో ఆమెయే తొలి స్త్రీ యని పలువురు వ్రాసిరి, అది పొరపాటు. 1946లోనే లిలీ నీల్ ఎన్నికై యుండెను.

మండలి ఆరోగ్య సంఘమునకు ఆమె అధ్యక్షురాలయ్యెను. క్షయవ్యాధి ఆనాడు నవాహోల యిండ్లను తుడిచిపెట్టుచుండెను. దూరపు ఆరోగ్యశాలలకు పంపబడిన రోగులు సగము చికిత్సలోనే పారిపోయి వచ్చుచుండిరి. ఇది మూర్ఖత్వమని వైద్యులు తలచిరి. కాని మనిషి మరణించిన యింటిని విడిచిపోవు ఆచారము గలవారికి, ఎందరో మరణించిన ఆసుపత్రి మంచము ఎట్లు కనిపించును? పిడుగు సోకిన చెట్టు వలన రొమ్ము జబ్బు కలుగునని నమ్మువారికి, సూక్ష్మక్రిమి యను మాటకు తమ భాషలో పేరే లేదు. తానెఱుగనిది ఇతరులకు చెప్పజాలనని ఆమె ముందుగా ఆసుపత్రులలో వైద్యులను ప్రశ్నించుచు, సూక్ష్మదర్శినిలో క్రిములను చూచుచు నెలల తరబడి నేర్చుకొనెను. పిమ్మట హోగనులను మట్టియిండ్లకు, ఒక్కొక్క గడపకు, వెళ్ళి కంటికి కనబడని పురుగుల సంగతి నవాహో మాటలలో చెప్పెను. ఆరోగ్యశాలలకు పోయి రోగులకు ఇంటి కబుర్లు వినిపించెను. మంత్రవైద్యులను తూలనాడక, వారితో వాదించి, రోగులను ఆసుపత్రికి పంపుటకు ఒప్పించెను. 1952 నాటికి ఐసోనియాజిడ్ అను మందు వచ్చుట ఆమె పనికి గొప్ప బలమయ్యెను. మందు లేక మాట యొక్కటే ఇంత సాధించియుండదు. వైద్యపదములకు నవాహో అర్థములు కూర్చు నిఘంటువునకు తోడ్పడెను. రేడియోలో నవాహో భాషలో ఆరోగ్యప్రసంగములు చేసెను.

అధ్యక్షుడు కెనడీ ఆమెను స్వాతంత్ర్య పతకమునకు ఎంపిక చేసెను. ఆయన హత్యానంతరము 1963 డిసెంబరు 6న జాన్సన్ దానిని ఆమెకు అందజేసెను.

ఆమె ఓర్పు అందఱియెడల సమానముగా నుండలేదు. పెయోటీ యను మొక్కను పూజలో సేవించు తన జాతివారినే ఆమె తీవ్రముగా వ్యతిరేకించి, నిషేధమును సమర్థించెను. మండలి దానిని 1967లో సడలించెను. 1968లో ఒక సభలో పేదలకు న్యాయసహాయము చేయు సంస్థ నడుపు శ్వేతజాతి న్యాయవాది నవ్వగా, తమను పరిహసించినాడని యెంచి, మరునాడు అతనిపై చేయిచేసుకొనెను. అతనిని నవాహో భూమినుండి బహిష్కరించుటకు మండలి పూనుకొనగా, సమాఖ్య న్యాయస్థానము 1969లో ఆ ఉత్తరువు చెల్లదనెను. మంత్రవైద్యునితో గంటలకొలది వాదింపగల యామె ఒక్క నవ్వును సహింపలేకపోయెను. నిర్బంధమునుండి తిరిగివచ్చిన జాతికి, చేసిన శాసనమును బయటివారు కొట్టివేయుట కొత్తకాదు. కాని ఆ న్యాయవాది వాదించునది నవాహో పేదల పక్షముననే.

1978 వరకు ఆమె మండలిలో కొనసాగెను. పదవి లేని ఏండ్లలోను ఆరోగ్యపు పనులు మానలేదు. 1997 నవంబరులో, ఎనుబదియేడవ యేట మరణించెను.