జీర్ణరహస్యమును తెలిపిన గాయము

పసిబిడ్డకు పాలుపట్టిన పిమ్మట పొట్ట నిమురుచు వాతాపి పేరు తలచుట మన తల్లులకు అనాదిగా వచ్చుచున్న అలవాటు. మ్రింగిన రాక్షసుని అగస్త్యమహర్షి కడుపులోనే జీర్ణము చేసికొనెనన్న కథ దానికి మూలము. ఉదరములో ఒక అగ్ని యున్నదనియు, అదియే అన్నమును పచనము చేయుననియు మన పూర్వులు తలచి, దానికి జఠరాగ్ని యని పేరిడిరి. ఆ అగ్ని యెట్టిది? మ్రింగిన ముద్ద ఏ విధమున రూపుమాసి రక్తమాంసములుగా మారుచున్నది?

ఈ ప్రశ్న ఐరోపా పండితులను కూడ చిరకాలము వేధించినది. కడుపు తిరుగలివలె ఆహారమును నూరునని కొందరు, పిండివలె అది లోపల పులియునని కొందరు, ఒంటి వేడికి ఉడుకునని మరికొందరు వాదించిరి. ఫ్రాన్సు దేశీయుడగు రేమూర్, రంధ్రములున్న లోహపు గొట్టములలో మాంసముంచి ఒక గ్రద్దచే మ్రింగించి, తన ఫలితములను 1752లో ప్రకటించెను. గ్రద్ద కక్కివేసిన గొట్టము చెక్కుచెదరలేదు. లోని మాంసము మాత్రము కరగియుండెను. కనుక జీర్ణక్రియ నూరుట కాదని తేలినది. పిదప ఇటలీ దేశీయుడగు స్పలాంజాని ఆహారమును చిన్న గుడ్డసంచులలో కట్టి తానే మ్రింగి పరీక్షించెను. కరగించునది ఒక ద్రవమని తోచినది. అయినను ఆ ద్రవము పనిచేయుచుండగా బ్రతికియున్న మనుష్యుని కడుపులోనికి చూచుట ఎట్లు?

అట్టి అవకాశము ఒక ప్రమాదము వలన కలిగినది. ఉత్తర అమెరికాలో హ్యూరన్ సరస్సునందలి మాకినా దీవిలో ఉన్నిచర్మముల వ్యాపారము చేయు కంపెనీ దుకాణ మొకటి యుండెను. 1822వ సంవత్సరము జూన్ 6వ తేదీన అక్కడ ఒకని చేతిలోని తుపాకి పొరపాటున పేలి, ప్రక్కనే నిలిచియున్న అలెక్సి సెయింట్ మార్టిన్ అను పడవకూలికి తగిలెను. అతడు ఫ్రెంచి మాట్లాడు కెనడావాసి. ఎడమ ప్రక్క ఎముకలు విరిగి, ఊపిరితిత్తియు, చిల్లిపడిన కడుపును బయటికి కనబడినవి. ఉదయము తిన్న ఆహారము గాయమునుండి వెలువడినది. దీవిలోని సైనికవైద్యుడు విలియం బోమాంట్ అతడు బ్రతుకునని ఆశింపలేదు. ఐనను చికిత్స మానలేదు. రోగి బ్రతికెను, కాని కడుపునకు పడిన రంధ్రము మూసికొనలేదు. కాలక్రమమున కడుపు లోపొర ముడుతపడి, ఆ ద్వారమునకు తలుపువలె అమరినది. దానిని వ్రేలితో నొక్కిన లోపలి భాగము కనబడుచుండెను.

దిక్కులేని ఆ కూలిని పోషించుటకు స్థానికాధికారులు నిరాకరింపగా బోమాంట్ తన యింట చేర్చుకొనెను. అతడు కట్టెలు కొట్టుచు, ఇంటిపనులు చేయుచు నుండెను. 1825 ఆగస్టు 1వ తేదీన, మధ్యాహ్నము 12 గంటలకు, వైద్యుడు పట్టుదారమునకు మాంసపు ముక్కలను, రొట్టెను, కాబేజీని కట్టి ఆ రంధ్రము గుండ లోపలికి జారవిడిచెను. గంటకు తీసి చూడగా కాబేజీ, రొట్టె సగము వరకు జీర్ణమైనవి, మాంసము మారలేదు. రెండు గంటలకు వీనితోపాటు పందిమాంసము, ఉడికించిన పశుమాంసము కూడ దారమున మిగులలేదు. ఇంకను ప్రయోగము సాగుచుండగా సెయింట్ మార్టిన్ కడుపులో బాధ, నీరసము, తలనొప్పి యని మొరపెట్టెను. అప్పుడు గాని దారము వెలికి రాలేదు.

తరువాత బోమాంట్ జఠరరసమును సీసాలోనికి తీసి, శరీరమంత వెచ్చగా నుంచి, అందులో మాంసము వేసెను. అక్కడ కూడ అది కరగినది. జఠరాగ్ని ఒక రసాయనక్రియ యని ఈ విధముగా రూఢియైనది. ఆ రసమున హైడ్రోక్లోరిక్ ఆమ్లము కలదని ఇంగ్లండులో ప్రౌట్ 1824లోనే కనుగొనియుండెను. తోడుగా వేరొక పదార్థము కూడ ఉండవలెనని బోమాంట్ ఊహించెను. 1836లో జర్మనీ దేశీయుడగు ష్వాన్ దానిని వేరుచేసి పెప్సిన్ అని పేరుపెట్టెను. కోపము వచ్చినపుడు జీర్ణము చెడుననియు, మద్యము మితిమీరినపుడు త్రాగినవానికి ఏ బాధయు తెలియకయే కడుపు లోపొర ఎఱ్ఱబారి పుండ్లు పడుననియు కూడ బోమాంట్ కన్నులార చూచెను.

కడుపు చేయునది జీర్ణక్రియలో ఒక భాగమే. పిండిపదార్థముపై నోటి లాలాజలము ముందుగా పనిచేయును. జఠరరసము మాంసకృత్తులను విడదీయ మొదలిడును. పైత్యరసము, క్లోమరసము చిన్నప్రేగులలో కలిసి క్రొవ్వును, మిగిలినవానిని కరగించును. అటుపై సారము ప్రేగుగోడల గుండ రక్తములో చేరును. మాంసమును కరగించు రసము కడుపునే కరగింపకుండుటకు లోపొరపైనున్న జిగురుపూత కారణము.

ఈ జ్ఞానమునకు వెల ఎవరు చెల్లించిరి? సెయింట్ మార్టిన్ 1825లోనే వైద్యునకు చెప్పకుండ కెనడా వెడలిపోయెను. పెండ్లిచేసికొని, బీదతనముచే 1829లో భార్యాబిడ్డలతో తిరిగివచ్చెను. చదువురాని అతడు 1832లో ఏడాదికి 150 డాలర్లు, భోజనవసతుల ఒడంబడికపై గుర్తు గీసెను. 1833లో వెలువడిన గ్రంథము బోమాంటునకు శాశ్వతకీర్తి తెచ్చినది. మరుసటి సంవత్సరము విడిపోయిన పిమ్మట, వైద్యుడు ఎన్ని లేఖలు వ్రాసినను కూలి మరల రాలేదు. ప్రాణము నిలిపినవానియెడల కృతజ్ఞతయు, పరీక్షావస్తువగుటకు రోతయు అతని మనసున పెనగులాడియుండవచ్చును. వైద్యుని పక్షమున చెప్పవలసినదియు కలదు: గాయపడిన దినమున అతడు చేయివిడిచిన, ఈ కథయే లేదు. కాని మనుష్యునిపై ప్రయోగమునకు అతని స్వేచ్ఛాపూర్వకమైన అంగీకారము తప్పనిసరి యని ప్రపంచమునకు విస్పష్టముగా చాటబడినది 1947లో, న్యూరెంబర్గు తీర్పుతోనే.

బోమాంట్ 1853లో మరణించెను. సెయింట్ మార్టిన్ గాయపడిన తరువాత 58 సంవత్సరములు జీవించి, 1880 జూన్ 24వ తేదీన కన్నుమూసెను. అతని కడుపు వైద్యుల చేజిక్కకుండుటకై కుటుంబమువారు శవమును ఎండకాలమున కొన్నిదినములు ఇంటనే యుంచి, చెడిన పిదప ఎనిమిదడుగుల లోతున పూడ్చిపెట్టిరి. ఆ సమాధి చెంత, చర్చి గోడపై, 1962లో కెనడా శరీరధర్మశాస్త్రజ్ఞులు ఒక స్మారకఫలకము నిలిపిరి. అందు కూలివాని పేరును, అతని బాధవలన మానవజాతికి కలిగిన మేలును చెక్కబడియున్నవి.